రెండు సంతకాల కార్డు

అమెరికాలో మేముండే ఊరు షాంటిలీలో మా తెలుగు చర్చికి వచ్చే మాస్టర్స్ చదివే పిల్లలు నన్ను వెనకాల గన్ ఆంటీ అంటారు. ముందు మాత్రం ఉత్త ఆంటీనే. ఆ పేరు నాకు తెలీదని వాళ్ళ నమ్మకం. మొన్న ఆరాధన అయ్యాక భోజనాల దగ్గర వాళ్ళలో ఒకమ్మాయి, కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్ల, తన ఆఫీసు సంగతులు చెబుతోంది. ఒకరు రాసిన కోడ్‌ని ఇంకొకరు చూసి అప్రూవ్ చేయాలట. "మా సీనియర్ రాసింది నేనేం చూస్తాను ఆంటీ, ఓపెన్ చేసి అప్రూవ్ కొట్టేస్తా. ఆయన దాంట్లో తప్పు పట్టుకుంటే బాగోదు కదా" అంది. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఇంటికొచ్చాక కూడా ఆ మాట వదల్లేదు. అందుకే ఇది రాస్తున్నాను. ఇది నా గొప్ప చెప్పుకోవడానికి రాస్తున్నది కాదని చదివితే మీకే తెలుస్తుంది.

ముందు నా పనేమిటో చెప్పాలి. తూటాలు రాకముందు, పందొమ్మిదో శతాబ్దంలో వాడిన రివాల్వర్లకి అచ్చమైన నకళ్ళు అమ్మే చిన్న కంపెనీలో నేను ఇరవై రెండేళ్ళు పనిచేశాను. అవి వేరే దేశంలో తయారై మా దగ్గరికి పెట్టెల్లో వచ్చేవి. మేం వాటిని పరీక్షించి అమ్మేవాళ్ళం, పాడైతే బాగుచేసి తిరిగి పంపేవాళ్ళం. కొనేవాళ్ళలో ఎక్కువమంది రిటైరైన మగవాళ్ళు. సెలవు రోజుల్లో పాత సైనికుల దుస్తులు వేసుకుని, మైదానాల్లో గుడారాలు వేసి, నూట అరవై ఏళ్ళ కిందటి అమెరికా సివిల్ వార్ కాలంలో మనుషులు ఎలా బతికారో జనానికి చూపించడం వాళ్ళ సరదా.

ఆ రివాల్వర్‌లో తిరిగే సిలిండర్‌కి ఆరు అరలుంటాయి. ఒక్కో అరలో ముందువైపు నుంచి మందు పోసి, దాని మీద సీసపు గుండు పెట్టి గట్టిగా అదమాలి. వెనకవైపు చిన్న రాగి క్యాప్ తొడగాలి. మన పిల్లలు దీపావళికి పేల్చే కేపుల్లాంటిదే, కాస్త కోపం ఎక్కువ. సుత్తి ఆ క్యాప్ మీద పడితే నిప్పు లోపలికి వెళ్ళి మందు అంటుకుంటుంది. చిక్కేమిటంటే, ఒకసారి నింపిన అరని ఖాళీ చేయడం తేలిక కాదు. కంటితో చూసి చెప్పడం అంతకన్నా కష్టం. గుండు అడుగుదాకా దిగి, పైన గ్రీజూ మసీ పేరుకుంటే, ఖాళీ అరా నిండిన అరా ఒక్కలాగే నల్లగా ఉంటాయి. అమెరికాలో చాలాచోట్ల చట్టం దీన్ని తుపాకీ కింద లెక్క వేయదు. చాలామందికి పోస్టులో ఇంటికే వస్తుంది. చట్టం లెక్క వేయకపోయినా గుండు మాత్రం గుండే.

నేను ఆ పనిలోకి ఎలా వచ్చానని అందరూ అడుగుతారు. మా నాన్నది చీరాలలో గడియారాల రిపేరు కొట్టు. పట్టకారుతో వెంట్రుకంత స్ప్రింగు పట్టుకోవడం నాకు పదేళ్ళకే వచ్చు. మా ఆయన సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికని ఈ దేశం వచ్చాం. గ్రీన్ కార్డ్ చేతికొచ్చాక ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోలేక, ప్యాకింగ్‌కి మనుషులు కావాలంటే వెళ్ళి చేరాను. ఒకరోజు రిపేరు బల్ల దగ్గర పెద్దాయన చేతిలోంచి చిన్న స్ప్రింగు జారి కింద పడింది. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని వెతుకుతున్నాడు. నేను హ్యాండ్‌బ్యాగ్‌లోని పట్టకారుతో దాన్ని తీసి, అది ఉండాల్సిన చోట కూర్చోబెట్టాను. ఆయన నా చేతుల వైపు కాసేపు చూసి, రేపట్నించి ఈ బల్ల దగ్గరికి రా అన్నాడు. చర్చిలో ఒక పెద్దావిడ నా ఉద్యోగం గురించి విని నా కోసం ప్రత్యేక ప్రార్థన పెట్టించింది. ఆవిడ కొడుకు మాత్రం డిస్కౌంట్ ఏమైనా దొరుకుతుందా ఆంటీ అని అడిగాడు.

పెద్దాయన అని నేనంటున్నది మా వర్క్‌షాప్‌లో అందరికన్నా సీనియర్‌ని. పక్క రాష్ట్రపు కొండల్లో పుట్టినవాడు. భార్య పోయింది, పిల్లల్లేరు. తెల్లవారితే ఆ బల్ల దగ్గరికి రావడం, సాయంత్రం వెళ్ళడం, అదే ఆయన బతుకు. నేను సర్ అని పిలిస్తే మొదట్లో చిరాకు పడేవాడు. "నేను సర్‌ని కాదు, పని చేసుకుని బతికేవాణ్ణి" అనేవాడు. నాకు వేరే పిలుపు నోట్లోంచి వచ్చేది కాదు. చివరికి ఆయనే ఊరుకున్నాడు. నలభై దాటిన నన్ను ఆయన కిడ్ అని పిలిచేవాడు, నేనూ ఊరుకున్నాను. సుత్తిని వెనక్కి లాగుతుంటే వచ్చే చప్పుడు విని లోపల ఏ ముక్క అరిగిందో చెప్పడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. నాకు కోపం ఎక్కువ, ఏదైనా కుదరకపోతే పనిముట్లు విసిరేదాన్ని. ఆయన ఏమీ అనకుండా వెళ్ళి వాటిని ఏరుకొచ్చి, నా ముందు వరసగా పెట్టేవాడు. అది తిట్టు కన్నా ఎక్కువ పనిచేసింది.

మా దగ్గర ఒక నియమం ఉండేది. రిపేరుకొచ్చిన ప్రతి రివాల్వర్‌కీ ఒక పసుపు కార్డు కడతాం. మొదటి మనిషి పెట్టె విప్పి, కస్టమర్ ఉత్తరం చదివి, సిలిండర్ బయటికి తీసి, ఆరు అరల్లోనూ ఒక కర్రపుల్ల దింపి చూడాలి. పుల్ల మీద ఒక గీత ఉంటుంది. అర ఖాళీగా ఉంటే పుల్ల గీత దాకా దిగుతుంది. లోపల ఏదైనా ఉంటే గీత పైనే ఆగిపోతుంది. అప్పుడు కార్డు మీద మొదటి సంతకం. ఆ సిలిండర్‌ని సంచిలో విడిగా పెట్టి, బల్ల మీది వేరే సిలిండర్‌తో రిపేరు చేస్తాం. అంతా అయ్యాక రెండో మనిషి అసలు సిలిండర్‌లో మళ్ళీ పుల్ల దింపి చూసి, రెండో సంతకం పెట్టాలి. రెండు సంతకాలూ ఉంటే ప్యాకింగ్‌లోని ఎల్ సాల్వడార్ దేశపు ఆవిడ సిలిండర్ ఎక్కించి పెట్టె కట్టేస్తుంది. మొత్తం పని ఒక్క నిమిషం. మొదటి సంతకం పెద్దాయనది, రెండోది నాది. పదిహేనేళ్ళు అలాగే జరిగింది.

తర్వాత ఆయన కళ్ళు పాడవడం మొదలైంది. ఆయన చెప్పలేదు, నేనే కనిపెట్టాను. రోజూ ఇంట్లోనే అద్దాలు మర్చిపోయేవాడు. ఈ స్క్రూ సైజు ఎంతో చదువు కిడ్ అని నన్ను అడిగేవాడు. గ్యాస్ దండగ అంటూ కారు మానేసి, పొరుగింటాయన దింపితే వచ్చేవాడు. ఒకరోజు కాఫీ కప్పు అనుకుని నూనె డబ్బా నోటిదాకా తీసుకెళ్ళాడు. నేను చూడనట్టు తల తిప్పుకున్నాను.

ఆ రోజుల్లోనే ఒకసారి, ఆయన సంతకం పెట్టిన సిలిండర్‌లో ఆయన పక్కనుండగానే నేను పుల్ల దింపాను. పదిహేనేళ్ళుగా అలాగే దింపుతున్నాను, ఎప్పుడూ ఏ పట్టింపూ లేదు. కానీ ఆ రోజు ఆయన చేతిలోని స్క్రూడ్రైవర్ బల్ల మీద పెట్టి, నేను ఆరు అరలూ చూసేదాకా గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. నాకు ప్రాణం చచ్చిపోయింది. నాకు పని నేర్పిన మనిషిని నిలబెట్టి పరీక్ష పెట్టినట్టయింది. ఇంకోసారి ఆయన ముందు ఆ పని చేయకూడదనుకున్నాను. అప్పట్నించీ ఆయన లంచ్‌కి వెళ్ళేదాకా ఆగి, వెళ్ళాక గబగబా పుల్ల దింపి చూసేదాన్ని. ఆయన వచ్చేసరికి కార్డుల మీద నా సంతకాలు సిద్ధంగా ఉండేవి. ఇది ఏడాది సాగింది. ఆ ఏడాదిలో రెండుసార్లు పుల్ల పైనే ఆగింది. రెండుసార్లూ నేనే గప్‌చుప్‌గా ఖాళీ చేశాను, ఎవరికీ చెప్పలేదు. మా కంపెనీ ఓనరమ్మకి తెలిస్తే ఆయన్ని ఆ రోజే ఇంటికి పంపేస్తుంది. ఇంట్లో ఆయన కోసం ఎవరున్నారు? నేను మంచిపనే చేస్తున్నాననుకున్నాను. ఇంకా చెప్పాలంటే, నా మంచితనానికి నేనే కాస్త మురిసిపోయాను కూడా.

ఆ ఏడు గుడ్ ఫ్రైడే నాడు మా చర్చిలో సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల ఆరాధనకి నన్ను మూడో మాట మీద మాట్లాడమన్నారు. తల్లిని శిష్యుడికి అప్పగించే మాట. నెల రోజులు ప్రిపేర్ అయ్యాను. ఆ రోజు సగం పూట పనిచేసి, అటునుంచి అటే చర్చికి వెళ్ళాలని తెల్లచీర కట్టుకునే వర్క్‌షాప్‌కి వచ్చాను. పైన ఏప్రన్ కట్టుకున్నాను. పదకొండున్నరకి బయల్దేరాలి. బల్ల మీద ఒక్క రివాల్వర్ మిగిలింది. స్ప్రింగు విరిగి వచ్చింది, నేనే కొత్తది వేశాను. పక్కన సంచిలో దాని సిలిండర్, కార్డు మీద పెద్దాయన సంతకం. ఆయనేమో ముందు గదిలో ఎవరో కస్టమర్ వస్తే వెళ్ళాడు. అంటే చాటుగా చూడాల్సిన అవసరం కూడా ఆ రోజు లేదు. కానీ పుల్ల నిండా మసి. అది ముట్టుకుంటే చేతులు నల్లబడతాయి, కడుక్కోవడానికి ఐదు నిమిషాలు, చీరకి ఎక్కడైనా అంటితే ఇక అంతే. సర్ చూశారుగా అని నాకు నేనే చెప్పుకున్నాను. ఏడాదిగా ఆయన చూపుని నమ్మనిదాన్ని, నాకు అవసరం పడింది కాబట్టి ఆ ఒక్క రోజు నమ్మాను. సంతకం పెట్టి, ఏప్రన్ విప్పి వెళ్ళిపోయాను. మధ్యాహ్నం చర్చిలో నేను మాట్లాడుతుంటే చాలామంది కళ్ళు తుడుచుకున్నారు. నా చీర మీద చిన్న మరక కూడా లేదు.

ఈస్టర్ అయ్యాక సోమవారం, కార్డుల నకళ్ళూ ఉత్తరాలూ ఫైల్ చేయడం నా పని. శుక్రవారం పంపిన రివాల్వర్ కార్డు వెనక కస్టమర్ ఉత్తరం పిన్ చేసి ఉంది. కవరు అంటించినట్టే ఉంది, విప్పలేదు. నేను విప్పాను. పెన్సిల్‌తో రాసిన సన్నటి అక్షరాలు. పోయిన శీతాకాలం కాలుస్తుంటే ఐదు గుండ్ల తర్వాత స్ప్రింగు విరిగిందట. ఆరో అరలో మందూ గుండూ అలాగే ఉండిపోయాయట. క్యాప్ తీసేశాను గానీ గుండు తీయడం నాకు చేతకాలేదు, దయచేసి ముందు అది ఖాళీ చేయండి అని రాశాడు. చివర్లో, ఈస్టర్ తర్వాత వచ్చే శనివారం మా ఊరి ఎలిమెంటరీ స్కూల్లో పిల్లలకి చూపించాలి, ఉత్త క్యాప్‌లే పేలుస్తాను, అప్పటికి అందేలా పంపండి అని ఉంది.

ఆ గుండు తీసిన గుర్తు నాకు లేదు. పెద్దాయన ఆ ఉత్తరమే విప్పలేదు. రివాల్వర్ మంగళవారానికి అతని ఇంటికి చేరుతుంది. శనివారం అతను ఆరు అరలకీ క్యాప్‌లు తొడిగి, పిల్లల ముందు నిలబడి, ఉత్త చప్పుడే అనుకుంటూ ఒక్కొక్కటే పేలుస్తాడు. ఐదు వట్టి చప్పుళ్ళే. ఆరోది కాదు.

లంచ్ టైంలో కార్లో కూర్చుని అతనికి ఫోన్ చేశాను. ఎవరూ ఎత్తలేదు. మెసేజ్ పెట్టమని మెషీన్ చెప్పింది. నేను పెట్టేశాను. మెసేజ్ కాదు, ఫోన్. మెసేజ్ పెడితే నా గొంతు అక్కడ రికార్డై ఉంటుంది. రేపు ఓనరమ్మ వింటుంది. పెద్దాయన పని పోతుంది, నా పనీ పోతుంది. మనిషితో నేరుగా మాట్లాడితే, ఒకసారి చెక్ చేసుకోండి అని తేలిగ్గా చెప్పేయొచ్చు అనుకున్నాను. మంగళవారం మూడుసార్లు చేశాను. మూడుసార్లూ మెషీనే. కంప్యూటర్లో చూస్తే పెట్టె డెలివరీ అయినట్టుంది.

ఆ సాయంత్రం అన్నం తినలేకపోతుంటే మా ఆయన ఏమైందని అడిగారు. చెప్పాను.

"వాయిస్‌మెయిల్ పెట్టావా?" అన్నారు.

"లేదండీ."

"నాలుగుసార్లు కాల్ చేసి ఒక్కసారీ పెట్టలేదా?"

ఆయన పళ్ళెం పక్కకి జరిపారు. మా ఆయన గొంతు పెంచే మనిషి కాదు, ఆ రోజూ పెంచలేదు. "పిల్లలు కదా, ముందు వరసలో కింద కూర్చుంటారు. నువ్వు మాత్రం ఎవరి జాబ్ గురించి ఆలోచిస్తున్నావు?" అన్నారు.

నాకు ఒళ్ళంతా సిగ్గేసింది. అక్కడే, ఆయన ముందే ఫోన్ చేసి, ఆరో అర నిండి ఉంది, ఆ రివాల్వర్‌ని ముట్టుకోవద్దు, ఇది మా తప్పు అని మెసేజ్ పెట్టాను. నా పేరు రెండుసార్లు చెప్పాను. బుధవారం పొద్దుటిదాకా అటునుంచి ఫోన్ రాలేదు.

వర్క్‌షాప్‌కి వెళ్ళగానే పెద్దాయనతో చెప్పాను. ఉత్తరం చదివి వినిపించాను. ఆయన బల్ల అంచు పట్టుకుని నిలబడి విన్నాడు. ఎందుకు చదవలేదని నేను అడగలేదు. కోటు వేసుకుని, కర్రపుల్ల తీసి చొక్కా జేబులో పెట్టుకుని, "నువ్వు డ్రైవ్ చెయ్" అన్నాడు.

రెండు గంటల దారి. కొండల వైపు. ఆ కస్టమర్ రిటైరైన స్కూల్ బస్ డ్రైవరు, లావుగా, నిదానంగా ఉన్నాడు. తలుపు తీసి, మెసేజ్‌లు వినే అలవాటు లేదు, అది మా ఆవిడ చూసేది, ఆవిడ పోయాక ఎవరూ చూడరు అన్నాడు. మేం రివాల్వర్ గురించి వచ్చామంటే సంతోషపడి వంటింట్లోకి తీసుకెళ్ళాడు. బల్ల మీద గుడ్డ పరిచి, దాని మీద రివాల్వర్ పెట్టి ఉంది. పక్కనే క్యాప్‌ల డబ్బా. మధ్యాహ్నం మనవరాలు వస్తుంది, దానికి ముందు చూపిస్తానన్నాను అన్నాడు. ఆరో అర గురించి మీరే రాశారు కదా, చూసుకున్నారా అని అడిగాను. అతను మా పసుపు కార్డు తీసి నాకే చూపించాడు.

"చూసుకోవడమెందుకు? రెండు సంతకాలున్నాయి కదా" అన్నాడు.

పెద్దాయన జేబులోంచి పుల్ల తీసి నాకిచ్చాడు. నేను సిలిండర్ బయటికి తీసి ఒక్కో అరలో దింపాను. ఐదింటిలో గీత దాకా దిగింది. ఆరోదాంట్లో దిగలేదు. పుల్ల మీది గీత అర అంచుకి వేలెడు ఎత్తునే ఆగిపోయింది.

బస్ డ్రైవరు అప్పుడు కాఫీ కోసం అటు తిరిగి ఉన్నాడు. పెద్దాయన నా పక్కనే ఉన్నాడు గానీ ఆయనకి కనిపించదు. ఖాళీగానే ఉందా కిడ్ అని మెల్లగా అడిగాడు. ఇన్నాళ్ళకి ఇప్పుడు నిజం చెప్పేస్తున్నాను. ఒక్క క్షణం, ఖాళీయే సర్ అని చెప్పాలనిపించింది. ఏదో సాకు చెప్పి సిలిండర్ తీసుకెళ్ళి, గుండు తీసి మళ్ళీ పంపేస్తే ఎవరికీ ఏమీ తెలీదు. ఏడాదిగా చేస్తున్న పనే అది. చెయ్యి బాగా అలవాటు పడిపోయింది.

"నిండి ఉంది సర్" అన్నాను, ఆ గదిలో ఇద్దరికీ వినపడేలా.

పెద్దాయన చెయ్యి చాపి, పుల్ల కొసని బొటనవేలితో తడిమాడు. ఎంత ఎత్తుందో అలా తెలుసుకున్నాడు. తర్వాత బస్ డ్రైవరు వైపు తిరిగి, "మొదటి సంతకం నాది. నాకు కనపడదు. ఏడాది పైనే అయింది" అన్నాడు. రెండో సంతకం నాది, నేను చూడలేదు అని నేనూ చెప్పాను. అతను తిట్టలేదు. కుర్చీలో కూర్చుని, క్యాప్‌ల డబ్బాకి మూత పెట్టి, చాలాసేపు దాని మీద చెయ్యి అలాగే ఉంచాడు. "ముందు వరసలో కిండర్‌గార్టెన్ వాళ్ళని కూర్చోబెడతారు" అన్నాడు. మేం సిలిండర్ తీసుకుని బయల్దేరుతుంటే కాఫీ మాత్రం తాగి వెళ్ళమన్నాడు. తాగాం.

తిరుగుదారిలో సగం దూరం వచ్చాక పెద్దాయన మాట్లాడాడు.

"లంచ్ టైంలో నువ్వు మళ్ళీ చూస్తావు కదా."

మీకు తెలుసా అన్నాను.

"పుల్ల నేను పెట్టిన చోట ఎప్పుడూ ఉండేది కాదు. నాకు కనపడదు గానీ, నా బల్ల మీద ఏది ఎక్కడుందో చేతికి తెలుస్తుంది. అందుకే లంచ్‌కి అరగంట ఎక్కువ తీసుకునేవాణ్ణి, నీకు టైం చాలాలని." మళ్ళీ తనే, "శుక్రవారం నేను ముందు గది నుంచి వచ్చి అడిగితే, కిడ్ సంతకం పెట్టి వెళ్ళిందని చెప్పారు. అయితే సరే అనుకున్నాను" అన్నాడు.

నేను కారు పక్కకి ఆపాను. నడపలేకపోయాను. నేను ఆయన చిన్నబోకూడదని చాటుగా చూశాను. ఆ సంగతి తనకి తెలుసని నాకు తెలిస్తే నేను సిగ్గుపడతానని ఆయన బయట కూర్చుని శాండ్‌విచ్ నిదానంగా తిన్నాడు. నేను చూస్తానులే అని ఆయన చూడ్డం మానేశాడు. ఆయన చూశాడులే అని నేను ఒక్కరోజు మానేశాను. ఏడాదంతా ఇద్దరం ఒకే బల్ల దగ్గర భుజం భుజం తగిలేలా కూర్చుని, ఈ ఒక్క సంగతి తప్ప అన్నీ మాట్లాడుకున్నాం. మా ఇద్దరి మర్యాదే ఆ గుండుని పెట్టెలో పెట్టి పంపింది. నేను ఏడ్చాను. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. ఆయనకి అక్కడ ఏం కనిపించిందో నాకు తెలీదు.

ఆ సాయంత్రమే ఇద్దరం ఓనరమ్మ గదిలోకి వెళ్ళాం. ఆయనది ఆయన చెప్పాడు, నాది నేను చెప్పాను. ఆవిడ ఆయన్ని ఏమీ అనలేదు, లేచి వచ్చి చెయ్యి పట్టుకుంది. నన్ను మాత్రం, నీకు తెలిసి ఎన్నాళ్ళయింది అని అడిగింది. ఏడాది అన్నాను. మరి నాకెందుకు చెప్పలేదు అంది. చీరాలలో అయితే పెద్దాయన కదండీ అంటే సరిపోయేది. ఆ గదిలో ఆ మాట అనబోయి మానేశాను. అక్కడ కూర్చుని చూస్తే ఆ మాట వెనక ఐదారేళ్ళ పిల్లలు కనిపించారు.

పెద్దాయన ఆ శుక్రవారమే మానేశాడు. నన్ను ఒక నెల జీతం లేకుండా ఇంట్లో కూర్చోబెట్టి, తర్వాత పిలిచారు. ఆ శనివారం స్కూల్లో బస్ డ్రైవరు రివాల్వర్ లేకుండానే దుస్తులు వేసుకుని వెళ్ళి, సైనికులు ఏం తినేవాళ్ళో చెప్పాడట. వారం తర్వాత ఒక ఫోటో పంపాడు. గడ్డిలో కాళ్ళు ముడుచుకుని కూర్చున్న చిన్నపిల్లలు, ముందు వరసలో ఒకడికి పన్ను లేదు. వెనక ఏమీ రాయలేదు. అది నేను రిటైరయ్యేదాకా నా బల్ల ఎదుట గోడకి ఉంది.

నేను తిరిగి వెళ్ళాక నియమం మార్చమని ఓనరమ్మని అడిగాను. రెండో మనిషి మొదటి మనిషి ఎదురుగానే పుల్ల దింపాలి, ఒక్కో అరకీ బయటికి అంకె చెప్పాలి, మొదటి మనిషి పక్కకి తిరక్కుండా చూడాలి. మొదట్లో అందరికీ ఇబ్బందిగానే ఉండేది. పెద్దాయన ఇంకో నాలుగేళ్ళు బతికాడు. ఆదివారాలు వెళ్ళి కాసేపు కూర్చుని వచ్చేదాన్ని. మరుసటి గుడ్ ఫ్రైడేకి నేను తీసుకెళ్తే మా చర్చికి వచ్చి, ఒక్క తెలుగు ముక్క అర్థం కాకుండానే మూడు గంటలూ చివరి బెంచీలో కదలకుండా కూర్చున్నాడు. ఆ ఏడు నేను మాట్లాడలేదు, ఆయన పక్కన కూర్చున్నాను.

ఇక చివరి సంగతి. నా ఆఖరి ఏడాదిలో మొదటి సంతకం నాది, రెండోది ఒక కుర్రపిల్లది, పెద్దాయన పుట్టిన ఆ కొండల వైపు నుంచే వచ్చిన తెల్లమ్మాయి. ఒకరోజు నేను చూసి సంతకం పెట్టిన సిలిండర్‌లో నా ఎదురుగా పుల్ల దింపింది. ఒకటి, రెండు, మూడు అని చెబుతూ నాలుగు దగ్గర ఆగింది. పుల్ల పైనే ఉంది. ఆ పిల్ల ముఖం ఎర్రబడింది. నా వైపు చూసింది, మళ్ళీ పుల్ల వైపు చూసింది. నేను గోడ వైపు తిరగబోయాను. గోడ మీద ఫోటో ఉంది. తిరగడం మానేశాను.

"గట్టిగా చెప్పమ్మా" అన్నాను తెలుగులో, ఆ పిల్లకి అర్థం కాదని కూడా మర్చిపోయి.

ఏమనుకుందో గానీ చెప్పింది. లోపలున్నది గుండు కాదు, కస్టమర్ తుడిచేటప్పుడు ఇరుక్కుపోయిన గుడ్డముక్క. అందరూ నవ్వి తేలిగ్గా తీసుకున్నారు. కానీ ఆ అర నేను చూశాను, ఖాళీగా ఉందనే సంతకం పెట్టాను. ఆ సాయంత్రం అద్దాలు తీసి తుడుచుకుని, ఓనరమ్మ గదికి వెళ్ళి, ఇక చాలండీ అన్నాను. వెళ్ళే ముందు పెద్దాయన పుల్లని ఆ పిల్లకిచ్చాను. నా ముఖం చూసి కూడా ఆగిపోకుండా చెప్పింది కాబట్టి పుల్ల ఆ పిల్ల దగ్గరే ఉండాలి.